ఆగని ప్రకటన

ముందుగా వినిపించింది, తడి నేల మీద కాలు ఈడుస్తున్న చప్పుడు. మొయినాబాద్ ఆఫీసులో రాత్రిపూట ఇంటర్నెట్ ప్రకటనలను తనిఖీ చేసే కవిత తెర వైపు చూసింది. షుగరు మందు ప్రకటన. కుళ్లిన పాదం, కారుతున్న చీము, ముసిరిన ఈగలు.

నొక్కనిదే ప్రకటన పలకకూడదు, ముప్పై సెకన్లకు కదలిక ఆగాలి. అది నియమం. స్పీకర్ తీగ పీకినా చప్పుడు ఆగలేదు. నిమిషం దాటినా కాలివేళ్లు ముడుచుకుంటూనే ఉన్నాయి.

గది ఊడుస్తున్న అరుణమ్మ చీపురు జారవిడిచింది.

"గా కాలు మా ఇంటాయనది బిడ్డా. దవాఖానల ఎవరో ఫొటో తీసిన్రు. ఆయన పోయి మూడేండ్లాయె. జర తీసెయ్యి, అందరు సూస్తున్నరు."

"నియమం తప్పిందని రాస్తే రేపు ఆగుతది అవ్వా. అడగకుండ ఫలానా మనిషి ఫొటో వాడిన్రని పేరుతోని రాస్తే ఇప్పుడే ఆగుతది. ఆయన పేరేంది?"

అరుణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నలభై ఏళ్ల కాపురంలో ఆ పేరు ఆమె నోట రాలేదు.

"రేషన్ కార్డుల ఉన్నది. పొద్దుగాల తెస్త."

"పోయినాయన ముంగట గూడ సిగ్గేనా అవ్వా?"

చప్పుడు దగ్గరైంది. ఇప్పుడది తెరలోంచి కాదు, మెట్ల మీదినుంచి వస్తోంది. చీము వాసన గదిలోకి వచ్చింది.

అరుణమ్మ కొంగు దించింది. తలుపు వైపు తిరిగి మెల్లగా పిలిచింది.

"కుర్మయ్యా."