మూడో మడి

తమ్ముడి పొలంలో మడికో రకం చొప్పున పరీక్షకు వేసిన ఓట్స్‌లో మూడో మడి మూటను కాటా మీంచి దించుతూ పరిశోధకుడు నవ్వాడు.

"రసాయన ఎరువులేసిన మీ అక్కగారి పొలంలో ఈ రకం ఎంత పండిందో, ఎరువు ముట్టని మీ పొలంలోనూ అంతే పండింది. నాలుగోది కాస్త వెనకబడింది. సేంద్రియ రైతులందరికీ ఇక ఈ మూడో రకం విత్తనమే ఇద్దాం."

"విన్నావా అక్కా? మట్టిని నమ్మమంటే నవ్వేదానివి," అన్నాడు తమ్ముడు.

తమ్ముడు జ్వరంతో మంచాన పడ్డప్పుడు అక్కకు ఆ మడి పాలిపోయి కనిపించింది. మనసు ఊరుకోక, తన యూరియా బస్తాలోంచి గుప్పెళ్లతో తెచ్చి చల్లేసింది. ఇప్పుడా విత్తనం ఎందరి పొలాలకో వెళ్లబోతోంది.

"ఆ రకం ఎవరికీ ఇవ్వకండి," అంది తల దించుకుని. "దానికి నేను యూరియా వేశాను. వీడి కష్టం చూడలేకపోయాను."

పరిశోధకుడు పెన్ను మూసేశాడు. తమ్ముడు అక్క వైపు తిరిగాడు.

"నాలుగో మడికి?"

"దానికేం వెయ్యలేదురా. అది బాగానే ఉందిగా."

తమ్ముడు లేచి, పక్కకు నెట్టేసిన నాలుగో మూటను ముందుకు లాక్కున్నాడు.

"అయితే నువ్వు జాలిపడని చోటే పండించానక్కా," అన్నాడు.