పధ్నాలుగోసారి సిగ్నాగీ

"ఈసారి మీతో నేనూ వస్తాను," అన్నాడు నరసింహమూర్తి సోఫాలో కూలబడుతూ.

ఆ మాట అనడానికే దుబాయ్ నుంచి కల్బాలోని చెల్లెలి ఇంటి దాకా కారు నడుపుకుంటూ వచ్చాడు. విజయదుర్గకు ఒక్కగానొక్క అన్నయ్య. చెల్లెలి కాపురం మీద ఎవరైనా మాట విసిరితే నిద్రపట్టని మనిషి.

"రా అన్నయ్యా," అంది విజయదుర్గ. ఆమెకు సంతోషం కలగలేదు. భయమూ కలగలేదు. కొన్నాళ్లుగా ఆమెకు ఏదీ కలగడం లేదు.

సంగతేమిటంటే, ఆమె భర్త శ్యాంప్రసాద్ పక్కనే ఉన్న ఫుజైరాలో ఒక క్వారీలో సేఫ్టీ ఆఫీసరు. మూడు నెలలకోసారి భార్యను వెంటబెట్టుకుని జార్జియా దేశంలోని సిగ్నాగీకి వెళ్తాడు. కొండ మీద పాత ఊరు. చుట్టూ కోటగోడ, గోడ దాటితే ద్రాక్షతోటలు, ఇంటింటా వైన్. అందరూ ఒకసారి వెళ్లి ఫొటోలు దిగి వచ్చేస్తారు. వీళ్లు ద్రాక్ష పూతకొస్తే వెళ్తారు, కోతకొస్తే వెళ్తారు, మోడువారి మంచు కప్పేసినా వెళ్తారు.

మొదటిసారి 2020 ఫిబ్రవరిలో సరదాగా వెళ్లారు. అప్పుడు వైన్ బానలుండే నేలమాళిగలోంచి విజయదుర్గ ముక్కు మూసుకుని పరుగెత్తుకొచ్చేసింది. అంత పడని మనిషి ఇప్పటికి పదమూడుసార్లు వెళ్లొచ్చింది. ఉన్న సెలవులన్నీ దానికే. కాకినాడ ముఖం చూసి నాలుగేళ్లయింది.

కల్బాలో మద్యనిషేధం, చుక్క దొరకదు. అందుకని తెలుగువాళ్లంతా ఒక మాట తేల్చేశారు, సారు తాగడానికే పోతున్నాడని. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటుంది లోకం. ఈయన ఏకంగా కల్లుపాకకే విమానమెక్కి పోతుంటే ఊరుకుంటుందా?

ఇంట్లో పనికొచ్చే రాజోలు హుస్సేనమ్మ అయితే మొహాన్నే అడిగేసింది. పోయినసారి వాళ్లు తిరిగొచ్చాక, పెట్టెలోని బట్టలు మెషిన్‌లో వేస్తూ ముక్కు చిట్లించింది.

"సారు చొక్కా ఒక్కటే కాదమ్మా, నీ చున్నీ కూడా గుప్పుమని కొడతంది. ఈ కంపు ఎలాగ భరిస్తన్నావు తల్లీ?"

"నాకేం ఇబ్బంది లేదు," అంది విజయదుర్గ.

ఆ జవాబు నాలుగు నోళ్లు మారి, నరసింహమూర్తి చెవిన పడింది.

ఫోన్‌లో అలారం మోగింది. విజయదుర్గ వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆపి, ముగ్గురికీ కాఫీ తెచ్చింది. నరసింహమూర్తి ఒక్క గుక్క తాగి కప్పు కింద పెట్టేశాడు. పాలు అడుగంటాయి. శ్యాంప్రసాద్ మాత్రం చివరి చుక్క దాకా తాగి, కప్పులు తీసుకుని లోపలికెళ్లాడు.

"తాగి తాగి ఆయన నాలుక మొద్దుబారినట్టుంది," అన్నాడు నరసింహమూర్తి గొంతు తగ్గించి. "నీకూ అలవాటు చేశాడా దుర్గా? నిజం చెప్పు."

ఆమె బల్ల మీది కాఫీ మరక తుడిచింది.

"అయితే విను. అక్కడ ఆయన గ్లాసు ముట్టడం నా కళ్లతో చూశానంటే, నువ్విక కల్బా రావు. నాతో దుబాయ్ వచ్చేస్తావు. ఖలాస్."

"సరే," అంది. ఎవరో అడ్రసు అడిగితే చెప్పినంత మామూలుగా అంది.

సిగ్నాగీలో ద్రాక్ష కోతలు సాగుతున్నాయి. రెండు రోజులూ నరసింహమూర్తి బావగారి చేతుల మీంచి చూపు తిప్పలేదు. భోజనాల దగ్గర, బస ఇచ్చిన ఇంటివాళ్లు వైన్ కూజా తెచ్చినప్పుడల్లా శ్యాంప్రసాద్ గ్లాసు మీద అరచెయ్యి పెట్టి, మంచినీళ్లు అడిగాడు. నరసింహమూర్తికి ఊరట కలిగింది. ఆ వెంటే అనుమానమూ కలిగింది. దొంగ ఇంట్లో వాళ్ల ముందు దొంగతనం చేస్తాడా?

మూడో రోజు పొద్దున్నే ముగ్గురూ ఆ వైన్ బానల నేలమాళిగకు దిగారు.

అక్కడి ముసలావిడ విజయదుర్గను చూసి నవ్వి, చెంప నిమిరింది. గ్లాసులు తేలేదు. తిన్నగా వెళ్లి, నేలలో పాతిన పెద్ద బాన మీది రాతి మూత పక్కకు జరిపింది.

గాఢమైన పులిసిన వాసన గుప్పుమంది. నరసింహమూర్తి రుమాలు ముక్కుకు అదుముకుని మెట్ల దాకా వెనక్కి వెళ్లాడు.

విజయదుర్గ మోకాళ్ల మీద కూర్చుంది. చున్నీ వెనక్కి నెట్టుకుని, బాన మూతిలోకి ముఖమంతా వంచేసింది.

"దుర్గా!" నరసింహమూర్తి రెండడుగులు ముందుకేశాడు. "తాగేది... నువ్వా?"

శ్యాంప్రసాద్ ఆమె భుజం పట్టుకుని వాచీ చూస్తున్నాడు. అర నిమిషానికి ఆమె ముఖం ఎత్తింది. పెదవులు పొడిగానే ఉన్నాయి. భర్త వైపు చూసి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"పోనీలే దుర్గా. మంచు పడ్డాక మళ్లీ వద్దాం," అన్నాడు శ్యాంప్రసాద్. జారిన చున్నీ ఆమె భుజాల మీదకు సర్దాడు.

"అసలేం జరుగుతోందిక్కడ?" అని అరిచాడు నరసింహమూర్తి, రుమాలు తియ్యకుండానే.

విజయదుర్గ ఆ రుమాలు వైపు చూసింది.

"నువ్వు ముక్కు మూసుకున్న ఈ వాసనకే నేనూ ఒకప్పుడు పారిపోయాను అన్నయ్యా, కోవిడ్ వచ్చి తగ్గిన రోజు నుంచి నాకు ఏ వాసనా తెలియట్లేదు."