ఎలాంటి ఎరుపు?

“వదినా, మళ్ళీ తగిలాడు నీ ప్రశ్నలాయన!” ఫోన్ ఊపుతూ అరిచింది ఆడపడుచు.

బొంత కుడుతున్న వదిన మిషన్ ఆపి తల పట్టుకుంది.

బొంతల దుకాణం తెరిచి ఏడాది కావస్తోంది. గిరాకీ లేదు. ఈ చలికాలం కూడా ఇలాగే గడిస్తే తాళం వేసి, మళ్ళీ ఫ్యాక్టరీలో పరాయి చొక్కాలకు గుండీలు కుట్టాల్సిందే.

అందుకే ఆడపడుచు పోరు పడలేక ఫోన్‌లో ఒక పేజీ తెరిచి, “ఎర్ర బొంత”, “పచ్చ బొంత” అని ఒక్క ముక్క రాసి రోజుకో ఫోటో పెడుతోంది.

చూసేవాళ్ళు లేరు. పలకరించేది ఒక్కరే. పేరు పక్కన తన ఫోటో కూడా పెట్టుకోని మనిషి.

“ఎర్ర బొంత అన్నారు. ఎలాంటి ఎరుపు?” అని ఇవాళ్టి ప్రశ్న.

“ఎదురుగా ఫోటో ఉందిగా, కనపడట్లేదా?” విసుక్కుంది వదిన. అదే మాటను కాస్త మర్యాదగా రాసింది.

“మీరు చెబితే బాగుంటుంది,” అని జవాబొచ్చింది.

ఇదేం మనిషి? వెక్కిరిస్తున్నాడా? పొద్దుపోక అడుగుతున్నాడా? ఆమెకు అంతు చిక్కలేదు. ఉన్న ఒక్కణ్ణీ పోగొట్టుకోలేక, బొంత ఒళ్ళో వేసుకుని రాసింది: “వానకు తడిసిన ఇటుక ఎరుపు. అంచు మా అత్తయ్య పాత దుప్పటిది. ఉతికి ఉతికి మెత్తబడింది.”

“సంతోషం. కుట్లు దగ్గరగా ఉన్నాయా, దూరంగానా?”

రోజూ ఇదే వరస. ఆయన అడగడం, ఈవిడ సణుక్కుంటూ రాయడం. కొన్నాళ్ళకు ఆయన అడక్కముందే ఫోటో కింద నాలుగు ముక్కలు రాసి పెట్టడం అలవాటైపోయింది.

విచిత్రంగా దుకాణానికి మనుషులు రావడం మొదలైంది. మిషన్‌కు తీరిక లేదు.

“చూశావా వదినా, నా ఫోటోల మహిమ!”

ఆడపడుచు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఒకరోజు తనే పసుపు బొంత కప్పుకుని, జుట్టు విరబోసుకుని, దిగిన ఫోటో పెట్టేసింది.

“ఇందులో మనుషులెవరైనా ఉన్నారా?” అని అడిగాడు ప్రశ్నలాయన.

ఆడపడుచు ముఖం మాడిపోయింది. “నేను మనిషిలా కనపడట్లేదా ఈయనకి? బ్లాక్ చేసి పారేస్తున్నా!”

“పోనీలే పాపం...” అనబోయి వదిన ఊరుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకూ పీడ విరగడైనట్టే అనిపించింది.

అడిగేవాళ్ళు లేక రాయడం మానేసింది. ఫోటోలకు పాటలు తగిలించారు, మెరుపులు అద్దారు. గిరాకీ మాత్రం రోజురోజుకీ పలచబడింది. ఎందుకో ఇద్దరికీ బోధపడలేదు.

చివరికి పాత కస్టమరొకావిడే కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. “ఫోటోలదేముందమ్మా, అందరూ పెడతారు. నువ్వు రాసే ఆ నాలుగు ముక్కలు చదివే మేం వచ్చేవాళ్ళం. ఎందుకు మానేశావు?”

వదిన వెంటనే బ్లాక్ తీయించి, “అయ్యా, ఏమీ అనుకోకండి. ఎప్పటిలా అడుగుతూ ఉండండి,” అని రాసింది.

రోజులు గడిచినా జవాబు లేదు.

ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చి, బొంతలన్నీ ఒక్కొక్కటే నిదానంగా చూసింది.

“మీ పేజీలో తెగ ప్రశ్నలు వేసేవారు చూడండి, నేను ఆయన కూతుర్ని. ఉన్నట్టుండి మీ పేజీ అందడం మానేసిందట. దుకాణం మూసేశారేమో, వెళ్ళి చూసి రా అని ఒకటే పోరేవారు.”

ఆడపడుచు తల దించుకుంది. వదిన చటుక్కున లేచింది.

“ఆయన్నే తీసుకురావాల్సిందమ్మా! అన్నీ దగ్గరుండి చూపించేదాన్ని.”

“పోయిన నెల పోయారండీ. ఆయన ఉండగా రావడానికి నాకే తీరలేదు.”

వదిన కళ్ళు నిండాయి. ఇన్నాళ్ళూ మనసులో నలుగుతున్న ప్రశ్న అప్పుడు బయటికొచ్చింది.

“ఏమీ అనుకోకమ్మా. ఫోటో ఎదురుగా పెట్టుకుని అన్నీ నన్నే ఎందుకు అడిగేవారు?”

ఆ అమ్మాయి వింతగా చూసింది.

“మీకు తెలుసనుకున్నానండీ. నాన్నకు చూపు పోయి చాలా ఏళ్ళయింది, మీరు రాసింది ఫోన్ చదివి వినిపిస్తుంటే రంగులు మళ్ళీ గుర్తొస్తున్నాయని మురిసిపోయేవారు.”