నెత్తుటి చుక్క లేని జాకెట్టు

బాబుని చంకనేసుకుని, ఉతకాల్సిన బట్టలు వేరు చేస్తూ అత్తయ్య జాకెట్టు తిరగేసి చూశాను. ఇవాళా చుక్క లేదు. పట్టేసిన భుజానికి ఫిజియోథెరపిస్టు సూదులు గుచ్చినన్నాళ్ళూ అక్కడ ఆవగింజంత నెత్తుటి మచ్చలుండేవి.

“అత్తయ్యా, నెల రోజులుగా మీరు సూదులు వేయించుకోవడం లేదు కదూ? రోజూ ఎక్కడికెళ్తున్నారు?”

బూటు లేసు ముడేస్తున్న ఆవిడ చెయ్యి ఆగింది.

“షటిల్ ఆడ్డానికి.”

“మరి బాబుని ఎత్తుకోమంటే భుజం నొప్పన్నారు?”

“తగ్గిందంటే రోజంతా వాడు నా చంకలోనే. రిటైరయ్యేదాకా ముప్పై ఐదేళ్ళు కుర్చీకి అతుక్కుపోయానే. ఈ గంటైనా నన్ను గెంతనివ్వవే తల్లీ!”

నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయేంతలో, గడ్డం గీసుకుంటున్న మా ఆయన లోపల్నించి కేకేశాడు.

“అమ్మకి నొప్పి తగ్గిందా? బాబుని ఇవ్వొచ్చా?”

అత్తయ్య నా నోటి వంకే చూస్తోంది. బాబుని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నాను.

“ఎక్కడండీ! ఇంకో రెండు నెలలు సూదులు వేయించుకోవాలట.”

అత్తయ్య లేచి, నొప్పి ఎక్కడుందో వెతికేవాళ్ళలా నా భుజాన్ని వేలితో ఒకసారి నొక్కి చూసింది. తలుపు వెనక దాచిన బ్యాటు సంచి తీసుకుని గడప దాటింది.