గరాజ్‌లో బైక్

కౌశిక్ మానవ్ ఇంటి గరాజ్‌లోకి దూరి తలుపు దగ్గరగా వేశాడు.

పెరట్లో బార్బెక్యూ పొగ, నవ్వులు. ప్లెయిన్స్‌బరో మిత్రులంతా మానవ్ చుట్టూ మూగారు. మట్టి ట్రాక్ మీద ఇరవై ఏళ్ళు స్పీడ్‌వే రేసులు నడిపి రిటైరైన మానవ్, రేపు వెటరన్ల రేసులో మళ్ళీ దిగుతున్నాడు.

“మొత్తం ఎన్ని ఎముకలు విరిగాయి బ్రో?” ఎవరో అడుగుతున్నారు.

“విరగనివి అడుగు, ఈజీగా చెప్తా!”

అందరికంటే గట్టిగా నవ్విన గొంతు రష్మిది. కౌశిక్ భార్యది.

ఆ నవ్వు తనకెప్పుడు దక్కింది? శనివారాలు యోగా క్లాస్ అని వెళ్ళేది. పెట్రోలు వాసనతో తిరిగొచ్చేది. పోయినవారం ఆమె కారు మానవ్ ఇంటి ముందు కనిపించింది. అడిగితే, “నీకన్నీ డౌట్లే!” అని కొట్టిపారేసింది.

గరాజ్‌లో ఉన్నది ఒక్కటే బైక్. కౌశిక్ జేబులోంచి కటింగ్ ప్లయర్ తీశాడు. బ్రేక్ కేబుళ్ళు రెండూ తెగీ తెగనట్టు కోశాడు. గట్టిగా నొక్కితే పుటుక్కుమంటాయి. రేసులో ప్రమాదం అంటారు. ఎవరికీ అనుమానం రాదు.

మర్నాడు రష్మి తొందరపెట్టింది. “నువ్వు కార్లో వెళ్ళిపో. నాకు చిన్న పనుంది, వెనకే వస్తా.”

ఆమె కళ్ళల్లో మెరుపు చూసి కౌశిక్ పళ్ళు కొరికాడు. ఎవరి కోసమో ఈ సంబరం! ఇవాళ్టితో సరి.

ట్రాక్ మీద నాలుగు బైకులు ఒక్కసారిగా దూకాయి. తొలి మలుపులోనే మానవ్ బైక్ అడ్డంగా జారింది. పై వరుసలో కూర్చున్న కౌశిక్ లేచి నిలబడ్డాడు. మట్టి ఎగజిమ్ముతూ మానవ్ మలుపు దాటేశాడు. తర్వాతిదీ దాటాడు. అందరికంటే ముందు ముగింపు గీత కూడా దాటాడు.

కౌశిక్ కిందికి పరుగెత్తాడు.

“బ్రేకులు... బాగానే పనిచేశాయా?”

మానవ్ హెల్మెట్ తీసి పగలబడి నవ్వాడు. “స్పీడ్‌వే బైక్‌కి బ్రేకులెక్కడివి బ్రో? అసలుండవు!”

“మరి... మీ గరాజ్‌లో ఉన్నది?”

“అయ్యో, చూసేశావా?” మానవ్ కన్నుగీటాడు. “అది రష్మిది బ్రో, నిన్ను వెనక కూర్చోబెట్టుకుని తిప్పాలని శనివారాలు నా దగ్గర నేర్చుకుంది, ఇప్పుడు దాని మీదే హైవేలో వస్తోంది.”