ఎదురు షాపు గిరాకీ

పొద్దున్నే తెల్ల వ్యాను వచ్చి ఎదురు షాపు ముందు ఆగింది. ఇవతలి షాపు మెరుపు తన మేడమీద కిటికీ పరదా కాస్త పక్కకి జరిపి చూశాడు.

ఆ షాపు నిదానం సామాన్ల పెట్టె పట్టుకుని కిందికి దిగాడు. నేరుగా వ్యానెక్కి వెళ్లిపోయాడు.

"ఇవాళ కూడా వ్యాను పంపించారు," అన్నాడు మెరుపు భార్యతో. "ఆయనగారు నడిచొస్తే కాళ్లు అరిగిపోతాయని కాబోలు."

ఆఫీసుల వీధిలో ఎదురెదురు సెలూన్లు వాళ్లవి. ఆ పేర్లు గిరాకీలు పెట్టినవే. మెరుపు కుర్చీలో కూర్చున్నవాడు టీ చల్లారేలోగా లేచి వెళ్లిపోవచ్చు. నిదానం కుర్చీలో అయితే ఓ కునుకు కూడా తీయొచ్చు. బ్యాంకు మేనేజరు, ఇన్సూరెన్సు ఆఫీసరు, కోర్టు గుమాస్తా, లాయరు అందరూ మెరుపు దగ్గరికే వచ్చేవారు. వీధిలో పెద్ద తలకాయలన్నీ తనవేనని అతనికి గర్వం.

జబ్బు ఊరిమీద పడ్డాక ఆఫీసులు మూతపడ్డాయి. సెలూన్లూ మూతపడ్డాయి.

అంతకుముందు మెరుపు కోరికలకి అంతుండేది కాదు. తిరిగే కుర్చీలు కొనాలి, గోడంతా అద్దం పెట్టించాలి, పక్క వీధిలో ఇంకో షాపు తెరవాలి. ఇప్పుడు అవేవీ గుర్తుకు రావడం లేదు. చేతికింద ఒక్క తల ఉంటే చాలు. తన జుట్టు తనే కత్తిరించేసుకున్నాడు. తర్వాత భార్య జడ వంక అదోలా చూడటం మొదలుపెట్టాడు. ఆవిడ తలకి తువ్వాలు చుట్టుకుని తిరగసాగింది.

అలాంటి రోజుల్లో నిదానానికి గిరాకీ తగిలింది.

ఇళ్లకి వెళ్లి చేస్తున్నాడని మెరుపు లెక్కగట్టాడు. పైగా పైసా తీసుకోవడం లేదట. నిదానం భార్య కిటికీ దగ్గర నిలబడి, ఊరికే చేస్తున్నాడు, వద్దంటే వినడు అని చెప్పి కళ్లు తుడుచుకుందట. తన భార్య ఆ మాట చేరవేస్తే మెరుపు ఒళ్లు మండిపోయింది. ఊరికే చేసి తన గిరాకీని లాక్కోవడం, మళ్లీ దానికి ఏడుపు ఒకటి.

సాయంత్రం నిదానం తిరిగొచ్చేవాడు. పెట్టె గుమ్మం బయటే పెట్టి, పక్క సందులో కుళాయి కింద ఒళ్లు తోముకుని, మెట్లమీద చాలాసేపు కూర్చుండిపోయేవాడు. ఎవరి వంకా చూసేవాడు కాదు. పొగరెక్కింది అనుకునేవాడు మెరుపు.

ఒకరోజు ఉండబట్టలేక కిటికీలోంచి పలకరించాడు.

"ఏంటి, చేతినిండా పనే అనుకుంటా?"

"రమ్మంటున్నారు, వెళ్తున్నానన్నా. మొన్న మీ బ్యాంకు మేనేజరుగారిది చేశాను. నీకు తెలిసే ఉంటుంది."

మెరుపుకి తెలియదు. అయినా తెలిసినట్టే తలాడించాడు.

"ఏమన్నాడాయన?"

నిదానం తలెత్తి వింతగా చూశాడు. "ఏమంటాడు?"

చెవి పక్కన ఒక్క వెంట్రుక ఎక్కువైతే వీధి అదిరేలా అరిచే మనిషి వీడి చేతికింద నోరెత్తలేదన్నమాట. మెరుపు కంచం ముందు నుంచి లేచిపోయాడు. మేనేజరుకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మొహం చెల్లక ఎత్తడం లేదనుకున్నాడు. ఇన్సూరెన్సు ఆఫీసరుకి చేస్తే అతనూ ఎత్తలేదు. కొన్నాళ్లకి అతని పేరు కూడా నిదానం నోట విన్నాడు.

"ఒక్కొక్కళ్లే నావాళ్లంతా అటు పోతున్నారే," అని భార్య దగ్గర వాపోయాడు.

పోతే పోనివ్వమంది ఆవిడ. మనిద్దరం ఇంట్లో క్షేమంగా ఉన్నాం, అది చాలదా అంది. చాలదనే అనిపించింది మెరుపుకి. కానీ పైకి అనలేదు.

ఒక మధ్యాహ్నం నిదానం తనే వచ్చి కిటికీ కింద నిలబడ్డాడు. వెనక వ్యాను ఆగి ఉంది.

"అన్నా, ఓ సాయం కావాలి. లాయరుగారి మీసం నా చేతికి రావడం లేదు. అది ఎలా ఉండాలో నీకే తెలుసని వాళ్లావిడ అంటోంది. మిగతావాళ్లకి ఎలాగో చేశాను గానీ ఇది నావల్ల కాదు. భయమైతే వద్దులే."

"నాకేం భయం?"

లాయరుగారిది రెండువైపులా మెలితిరిగిన మీసం. ఏళ్ల తరబడి మెరుపు తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. వీడు ముట్టుకోబోయాడన్న కోపం ఒక పక్క, వీడి వల్ల కాలేదన్న సంబరం ఇంకో పక్క. భార్య వద్దని చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తన పెట్టె పట్టుకుని వ్యానులో ముందు సీట్లో పెళ్లికొడుకులా కూర్చున్నాడు. దారి పొడవునా మీసం ఎలా దిద్దాలో నిదానానికి పాఠం చెప్పాడు.

పెద్ద భవనం. వెనకవైపు నుంచి లోపలికి తీసుకెళ్లారు. నిలువునా ప్లాస్టిక్ కోటు తొడిగారు, చేతులకి తొడుగులు ఇచ్చారు. జబ్బంటే లాయరుగారికి ఇంత భయమా అని మెరుపు లోలోపల నవ్వుకున్నాడు. లోపలి గది ఎముకలు కొరికేలా చల్లగా ఉంది.

"వచ్చేశాను లాయరుగారూ," అన్నాడు గుమ్మంలోంచే హుషారుగా. "మీ మీసం పరాయివాడి చేతిలో పెడతారా? ఇదేమైనా బాగుందా?"

జవాబు రాలేదు. అలిగాడనుకుని మెరుపు ఆయన దగ్గరికి నడిచి పెట్టె తెరిచాడు.

నిదానం తెల్లగుడ్డని లాయరుగారి మొహం మీంచి మెడదాకా మెల్లగా జరిపి, "ఫోన్‌లో చివరిచూపు కోసం వాళ్లావిడ కాచుకుని ఉంది, ఆసుపత్రివాళ్లు కాటికి తీసుకెళ్లిపోయేలోగా ఆవిడకి తెలిసిన మనిషిలా చేసివ్వన్నా," అన్నాడు.