ముప్పై ఆరు గాజు బిళ్ళలు

“ఈ గది తీసేద్దామమ్మా. ఇక్కడ నాలుగు కంప్యూటర్లు పెడితే పిల్లలు ఆడుకుంటారు,” అన్నాడు చలపతిరావు, గడప అవతలే నిలబడి.

హిమజకు ఒళ్ళు మండింది. జూబ్లీహిల్స్‌లోని ఆ సైన్సు చరిత్ర మ్యూజియం చలపతిరావుది. సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి బాగా గడించాక తన బంగళాలో సగభాగాన్ని మ్యూజియం చేశాడు. జనాన్ని రప్పించే కార్యక్రమాలు నడపడం హిమజ ఉద్యోగం. టెలిస్కోపులూ ఆవిరి యంత్రాలూ ఆయన కొన్నవి. ఈ ఒక్క గది మాత్రం ఆమె పట్టుబట్టి, మూడేళ్ళు తిరిగి కూర్చినది. పుర్రెలు కొలిచే ఇనప పరికరాలు, ముక్కుల కొలతల పట్టికలు, చర్మం రంగు పోల్చే గాజు బిళ్ళల పెట్టె, పేరుకు బదులు మెడలో నంబరు పలక వేసి నిలబెట్టిన మనుషుల ఫోటోలు అందులో ఉన్నాయి. మనుషుల్లో ఎక్కువ తక్కువలు తేల్చడానికి ఒకప్పుడు సైన్సు పేరిట ఎన్నెన్ని చేశారో ఆ గది చెబుతుంది.

“ఎందుకు తీసుడు సార్?”

“అదంతా ఎప్పటి మాట! అప్పటివాళ్ళు అమాయకులు కాబట్టి నమ్మారు. మన దగ్గరికొచ్చేది ఇంజనీర్లూ డాక్టర్లూనూ. వాళ్ళు ఈ రంగుల లెక్కలు నమ్ముతారేంటమ్మా?”

“ఈ ఆదివారం ఒక్క కార్యక్రమం చేస్త సార్. చదువుకున్నోళ్ళు ఒక్కరు నమ్మినా ఈ గది ఉండాలె.”

చలపతిరావు నవ్వాడు. “సరే, ఒక్కరు నమ్మినా ఉంచుతాను. లేదంటే సోమవారం వడ్రంగులొస్తారు. అన్నట్టు, మైకులో ఆ యాస మాత్రం వద్దమ్మా. వచ్చేది పెద్దవాళ్ళు.”

గది సంగతి కంటే ఆ చివరి మాటే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. అయినా తలూపింది.

ఆదివారం పొద్దున్నే హిమజ రహమత్ నగర్ వెళ్ళి వీరయ్యను ఆటోలో తీసుకొచ్చింది. ఫిల్మ్ నగర్ స్టూడియోల్లో ముప్పై ఏళ్ళపాటు ఎందరి ముఖాలకో రంగులు అద్దిన మేకప్ మనిషి ఆయన. పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, కుర్చీలో కూర్చోబెట్టి, టీ గ్లాసు చేతిలో పెట్టింది. ఆయన ముందు బల్ల మీద నల్లగుడ్డ కప్పిన చెక్కపెట్టె ఉంది.

హిమజ మైకు అందుకుని పుస్తకాల తెలుగులో మొదలుపెట్టింది. “ఈ పెట్టెలో ముప్పై ఆరు గాజు బిళ్ళలున్నాయి. వందేళ్ళకు ముందే జర్మనీలో ఒక శాస్త్రవేత్త మనుషుల చర్మాన్ని వీటితో పోల్చి నంబరు వేసేవాడు. ఒకటో నంబరు అన్నిటికన్నా తెలుపు. ముప్పై ఆరు అన్నిటికన్నా నలుపు. బయటి వెలుతురు పడకుండా మీ చెయ్యి గుడ్డ కింద పెట్టండి. నంబరు వీరయ్యగారు చెబుతారు.”

మొదట సిద్ధార్థ అనే కుర్ర ఇంజనీరు చెయ్యి పెట్టాడు. వీరయ్య గుడ్డ కిందికి తల దూర్చాడు.

“పేరేంది బిడ్డా? ఏం పని చేస్తవ్? జర మాట్లాడు. మాట వింటెగాని నాకు రంగు తెల్వదు.”

“సిద్ధార్థ అండీ. సాఫ్ట్‌వేర్.”

“పన్నెండు.”

అతని భార్య పూజితకు పంతొమ్మిది వచ్చింది.

“అదేంటి? నీకంటే నేనే కదా తెలుపు! పెళ్ళిచూపుల్లో మీ అమ్మే అంది!”

“బిళ్ళలు జర్మనీవి పూజీ. నాతో గొడవెందుకు?” అంటూ సిద్ధార్థ లోలోపల మురిసిపోయాడు.

వరస హాలు దాటి వరండాలోకి పాకింది. ఒక డాక్టరమ్మ తన నంబరును కాగితం మీద రాసిమ్మంది. ఎండలో తిరిగొచ్చాను, వచ్చే వారం మళ్ళీ చూడాలన్నాడు ఒక మేనేజరు.

“చూస్తున్నరా సార్?” అంది హిమజ గొంతు తగ్గించి.

“ఇది నమ్మడం కాదమ్మా, సరదా,” అని చలపతిరావు కొట్టిపారేశాడు. “ఏరా లక్ష్మయ్యా, నువ్వూ పెట్టు చెయ్యి!”

డ్రైవరు లక్ష్మయ్య మొహమాటంగా ముందుకొచ్చాడు. “దండాలు పెద్దాయనా. నా పేరు లక్ష్మయ్య. సారు కారు నడుపుత.”

“మంచిది బిడ్డా. పదహారు.”

జనం చప్పట్లు కొట్టారు. చలపతిరావు గబగబా పట్టు లాల్చీ చెయ్యి పైకి మడిచాడు.

“నేను చలపతిరావుని. ఈ మ్యూజియం నాదే. తొందరగా కానివ్వవయ్యా, నాకవతల పనుంది.”

గుడ్డ కింద వీరయ్య బొటనవేలు ఆయన మణికట్టు మీద రెండుసార్లు అటూ ఇటూ కదిలింది.

“ఇరవై తొమ్మిది.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

“మళ్ళీ చూడు.”

“ఇరవై తొమ్మిదే సారూ.”

“ఏంటయ్యా వాగేది? నా డ్రైవరుకి పదహారూ, నాకు ఇరవై తొమ్మిదీనా? మా వంశంలో ఇరవై దాటినవాడు లేడు!”

ఆ బిళ్ళల సంగతి ఆయన వంశానికి తెలిసింది ఆ పూటే.

“పోనియ్యండి సార్, సరదాకే కదా,” అంది హిమజ.

“సరదా ఏంటమ్మా! ఇంతమంది ముందు, ముప్పై ఏళ్ళు రంగుల్లో బతికిన మనిషి బిళ్ళ పక్కన పెట్టి చూసి చెప్పాడు. రేపు అందరూ ఇదే అనుకుంటారు. ముందా నంబరు మార్పించు!”

వీరయ్య తాపీగా చల్లారిన టీ తాగుతున్నాడు. హిమజ కొలతల గది వైపు చూసింది. తెరిచిన తలుపులోంచి, మెడలో నంబరు పలకలతో నిలబడ్డవాళ్ళు కనిపించారు. ఆమెకిప్పుడు భయమూ లేదు, మొహమాటమూ లేదు. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఈసారి పుస్తకాల తెలుగు కోసం వెతుక్కోలేదు.

“మా వీరయ్య తాతకు చూపు పోయి ఆరేండ్లయింది సార్.”